ఆంబోతుల పోరు – లేగల కాళ్ళు

"ఆంబోతులు పోట్లాడుకుంటే లేగల కాళ్ళు విరిగినట్లు" అన్నది మన కృష్ణా డెల్టా పల్లెల్లో నేటికీ వినబడే సామెత. పశువుల మందలు తగ్గాయి గాని సామెతకు పదును తగ్గలేదు. దాని సత్యాన్ని పరీక్షించదలచినవారు ఈ రోజుల్లో పొలం గట్టుకు పోనక్కరలేదు. దినపత్రికలో ఆటల పుట తెరిస్తే చాలు. ఒకప్పుడు ఆ పుటలో ఎవరెన్ని పరుగులు తీశారు, ఎవరెన్ని వికెట్లు పడగొట్టారు అన్న వివరాలే ఉండేవి. ఇప్పుడు వాటి సరసనే ప్రసార హక్కులు, నిషేధాలు, వ్యాజ్యాలు, విలీనాలు వచ్చి కూర్చున్నాయి. ఆట నడిపే సంస్థ ఒకటి, దానికి పోటీగా పుట్టిన సంస్థ మరొకటి. నిన్న తిట్టుకున్న ఇద్దరూ నేడు చేతులు కలుపుతారు. నేడు చేతులు కలిపినవారు రేపు విడిపోతారు. ఈ కలహాలలోను, ఈ పొత్తులలోను ఆటగాడి స్థానమేమిటి అన్నది మా ప్రశ్న. సాయంవేళ మన కళాశాల మైదానంలో బంతి విసరే విద్యార్థికి ఈ ప్రశ్నతో సంబంధమున్నదని మేము నమ్ముతున్నాము.

ఇటీవలి తగవులన్నిటిలో పెద్దది గోల్ఫు ఆటలో వచ్చింది. గోల్ఫు మనకు దూరపు చుట్టం. విశాఖపట్నంలోను, హైదరాబాదులో గోల్కొండ కోట చెంతను వృత్తి క్రీడాకారుల పోటీలు జరిగిన మాట నిజమే గాని, డెల్టాలో ఆ ఆట చూసినవారు అరుదు. అయినా ఆటల వ్యాపారం ఎలా నడుస్తుందో తెలుసుకోవడానికి అది మంచి పాఠం గనుక ముందుగా దానిని చెప్పుకుందాము.

గోల్ఫులో వృత్తి క్రీడాకారునికి నెలజీతం లేదు. వారానికొక చోట చొప్పున ఏడాది పొడుగునా సాగే పోటీల వరుసను 'టూరు' అంటారు. ప్రయాణం ఖర్చు అతనిదే, బస ఖర్చు అతనిదే. సాధారణంగా మొదటి రెండు రోజుల ఆటలో వెనుకబడినవానికి బహుమతి సొమ్ములో చిల్లిగవ్వ కూడా దక్కదు. అమెరికాలో పి.జి.ఎ. టూరు, ఐరోపాలో డి.పి. వరల్డ్ టూరు ఈ పద్ధతిలో ఏళ్ళ తరబడి ఆటను ఏలాయి. 2020లో ఆ రెండూ పొత్తు కుదుర్చుకున్నాయి. 2022 జూన్‌లో సౌదీ అరేబియా ప్రభుత్వ పెట్టుబడి నిధి అండతో 'లివ్ గోల్ఫ్' అనే కొత్త వేదిక లండన్ నగరం దగ్గర తన తొలి పోటీ జరిపింది. రోమన్ అంకెలలో 'లివ్' అంటే 54. పాత టూరులో నాలుగు రోజులలో 72 గుంటలు ఆడితే ఇక్కడ 2025 దాకా మూడు రోజులలో 54 ఆడితే సరిపోయేది. ఎవరినీ మధ్యలో ఇంటికి పంపరు. అగ్రశ్రేణి వారికి ఆడకముందే కోట్ల డాలర్ల హామీ. తొలి పోటీ మొదలైన రోజుననే పి.జి.ఎ. టూరు అక్కడ ఆడిన తన సభ్యులను సస్పెండు చేసింది. ఐరోపా టూరు జరిమానాలు వేసింది. అటువైపు లివ్ సంస్థ ఆసియా టూరుకు 30 కోట్ల డాలర్లు ప్రకటించి తన పొత్తు తాను కట్టుకున్నది. ప్రపంచం రెండు శిబిరాలైపోయింది.

తరువాత జరిగినది గమనించదగినది. 2023 జూన్ 6వ తేదీన పి.జి.ఎ. టూరు పెద్దలు, సౌదీ నిధి పెద్దలు ఒకే వేదికపై కూర్చుని, వ్యాపారాలు ఏకం చేయడానికి ఒప్పందం కుదిరిందని ప్రకటించారు. ఏడాది పాటు పాత టూరును అంటిపెట్టుకుని, కొత్త వేదిక ఇవ్వజూపిన సొమ్మును కాదన్న ఆటగాళ్ళకు ఆ సంగతి లోకంతో పాటే తెలిసింది. పోయినవారు ద్రోహులని నిన్నటిదాకా చెప్పిన నోళ్ళే నేడు స్నేహమన్నాయి. ఆ సంవత్సరాంతంలోగా తుది ఒప్పందం కుదరాలన్నది గడువు, గడువు దాటిపోయింది. ఈలోగా డిసెంబరులో యాన్ రామ్ అనే మేటి ఆటగాడు తానే లివ్‌లో చేరిపోయాడు. విధేయతకు విలువ లేని చోట ఎవని లెక్క వాడు చూసుకున్నాడని అతనిని తప్పుపట్టడం కష్టం.

ఇదంతా ధనవంతుల ఆట, ధనవంతుల గొడవ అని మన విద్యార్థులు పుట తిప్పేయవచ్చు. అయితే ఇటువంటి తగవే మన ముంగిట్లో, మన కుర్రవాళ్ళ మీద నడిచింది. అది క్రికెట్టులో నడిచింది. ఆ ఆట మనకు పరాయిది కాదు. 1953లో ఆంధ్ర క్రికెట్ సంఘం ఏర్పడింది. 2002 నవంబరు 24న మన విజయవాడ ఇందిరాగాంధీ స్టేడియంలోనే భారత, వెస్టిండీస్ జట్లు ఒకరోజు పోటీ ఆడాయి. ఆనాడు మనవారు 135 పరుగుల తేడాతో ఓడిపోయినా ఊరు మాత్రం పండుగ చేసుకున్నది. 2016 నవంబరులో మూలపాడు మైదానంలో ఈ రెండు దేశాల మహిళా జట్లు తలపడ్డాయి. సందు సందునా ఇటుకలు పేర్చి వికెట్లు చేసుకునే పిల్లలున్న ఊరు మనది.

ఆ తగవుకు మూలం ఆటలో లేదు, టెలివిజన్‌లో ఉన్నది. 2004లో భారత క్రికెట్ నియంత్రణ మండలి ప్రసార హక్కులు అమ్మకానికి పెట్టింది. జీ టెలివిజన్ సంస్థ పెద్ద మొత్తం పాడింది గాని హక్కులు దక్కలేదు. వివాదం సర్వోన్నత న్యాయస్థానం దాకా పోయింది. 2005 ఫిబ్రవరిలో అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం, ముగ్గురు ఒకవైపు ఇద్దరు ఒకవైపుగా, రాజ్యాంగం 12వ అధికరణం దృష్టిలో క్రికెట్ మండలి 'రాజ్యం' కిందికి రాదని తీర్పు చెప్పింది. అనగా దేశం పేరిట జట్టును పంపే సంస్థ, చట్టం దృష్టిలో ఒక ప్రైవేటు సంఘమే. ఆట కొనలేకపోయిన వ్యాపారి ఆటనే స్వయంగా పుట్టించాలని సంకల్పించాడు. 2007 ఏప్రిల్‌లో, మన జట్టు ప్రపంచ కప్పు పోటీల నుండి తల వంచుకుని తిరిగివచ్చిన వేళ, సుభాష్ చంద్ర 'ఇండియన్ క్రికెట్ లీగు'ను ప్రకటించాడు. 1983 ప్రపంచ కప్పు విజేత కపిల్‌దేవ్ దానికి పెద్దగా నిలిచాడు. ఆ ఏడాది నవంబరు 30న పంచకులలో ఆట మొదలయింది.

మండలి ఊరుకోలేదు. జాతీయ క్రికెట్ అకాడమీ అధ్యక్ష స్థానం నుండి కపిల్‌దేవ్‌ను తొలగించింది. ఆ లీగులో ఆడినవారికి రంజీ మొదలు భారత జట్టు దాకా అన్ని తలుపులూ మూసింది. తన మైదానాలు ఇవ్వనన్నది. అదే సెప్టెంబరులో తన సొంత లీగును ప్రకటించింది. మనకందరికీ తెలిసిన ఐ.పి.ఎల్. అదే. దాని తొలి ఆట 2008 ఏప్రిల్ 18న జరిగింది. ఆ తరువాత ఆస్ట్రేలియా, దక్షిణాఫ్రికా మండళ్ళతో కలసి 'చాంపియన్స్ లీగు' అనే పొత్తు కట్టింది. తిరుగుబాటు లీగులో ఆడినవారు ఉన్న ఇంగ్లండ్ కౌంటీ జట్లకు అందులో చోటు లేదన్నది. ఒక దేశపు తగవులో వేసిన శిక్ష సముద్రాలు దాటి మరొక దేశపు ఆటగానికి తగిలింది. పొత్తులకు ఉన్న శక్తి ఇటువంటిది. గోడ ఒక్కటైతే దూకవచ్చు. గోడలన్నీ కలిస్తే అది కోట.

మన తెలుగు నేలపై ఈ పోరు ఎదురెదురుగా నడిచింది. హైదరాబాదు లాల్ బహదూర్ స్టేడియం క్రికెట్ సంఘానిది కాదు, ప్రభుత్వ క్రీడా ప్రాధికార సంస్థది. కనుక తిరుగుబాటు లీగుకు అక్కడ చోటు దొరికింది. 'హైదరాబాద్ హీరోస్' అనే జట్టు 2008లో ఆ లీగు కప్పు గెలిచింది కూడా. అదే నగరంలో ఉప్పల్ మైదానంలో మండలివారి 'డెక్కన్ చార్జర్స్' ఆడింది. అది 2009లో ఐ.పి.ఎల్. కప్పు గెలిచింది. ఒకే ఊరికి రెండు జట్లు, రెండు కప్పులు. ఒకదాని గెలుపు రికార్డులకెక్కింది, రెండవదానిని అధికార గ్రంథాలు గుర్తించలేదు. నేడు ఆ రెండు జట్లూ లేవు. లీగు 2008 నవంబరు తరువాత మూతపడింది. చార్జర్స్ 2012లో రద్దయింది.

జట్లు పోయినా మనుషులున్నారు. కృష్ణకు ఆవలి ఒడ్డున గుంటూరులో పుట్టిన అంబటి రాయుడును తలచుకుందాము. 2002 నవంబరులో, పదిహేడేళ్ళ వయస్సులో, హైదరాబాదు తరపున ఆంధ్ర జట్టుపైననే ఒకే రంజీ పోటీలో 210, 159 పరుగులు చేసి రెండవసారి అవుట్ కాకుండా నిలిచినవాడు. 2004లో అండర్ 19 ప్రపంచ కప్పుకు భారత జట్టు నాయకుడు. అటువంటివాడు 2007లో ఇరవై రెండేళ్ళ ప్రాయంలో హైదరాబాద్ హీరోస్‌లో చేరాడు. 2009లో మండలి క్షమాభిక్ష ప్రకటించిన తరువాతనే తిరిగి రంజీ ముఖం చూశాడు. 2010లో ఐ.పి.ఎల్. లోకి వచ్చాడు. 2013 జూలైలో హరారేలో భారత జట్టు టోపీ ధరించి, తొలి ఆటలోనే 63 పరుగులతో అజేయంగా నిలిచాడు. మొత్తం 55 ఒకరోజు పోటీలు, సగటు 47 పరుగులు. ఆ మధ్య గడచిన ఏళ్ళన్నీ నిషేధం వల్లనే పోయాయని మేము అనము. కాని ఆటగాని ఇరవై రెండు, ఇరవై మూడేళ్ళ ప్రాయం తిరిగి ఇచ్చే క్షమాభిక్ష ఏదీ ఇంతవరకు పుట్టలేదని మాత్రం అంటాము.

రాయుడు తిరిగి వచ్చాడు గనుక అతని పేరు మనకు తెలుసు. అతనితో పాటు ఆ లీగులో ఆడిన హైదరాబాదు వికెట్‌కీపరు ఇబ్రహీం ఖలీల్ పేరు ఎందరికి తెలుసు? తిరిగి రంజీకి వచ్చిన తరువాత 2011 నవంబరులో అస్సాంపై ఒకే పోటీలో 14 మందిని వికెట్ల వెనుక అవుట్ చేసి ప్రపంచ రికార్డు నెలకొల్పాడు. భారత జట్టు పిలుపు రాలేదు. అటుపై అమెరికాకు వెళ్ళి, 2017లో ఆ దేశపు జట్టుకు నాయకత్వం వహించాడు. ఇక లీగు మూతపడ్డాక తమకు రావలసిన సొమ్ము కోసం ఎదురుచూసిన ఆటగాళ్ళ పేర్లు ఏ పుటలోనూ లేవు. విరిగినవి లేగల కాళ్ళేనని చెప్పడానికి ఇంతకన్న సాక్ష్యం అక్కరలేదు.

మరి పెద్దల సంగతి? కపిల్‌దేవ్ 2012లో మండలితో రాజీపడ్డాడు. మాజీ ఆటగాళ్ళకు ఇచ్చే గౌరవ ధనం ఆయనకూ అందింది. ఆయన 2024లో భారత వృత్తి గోల్ఫు టూరుకు అధ్యక్షుడయ్యాడు. మరుసటి ఏడాదే, 2025లో, 'ఇండియన్ గోల్ఫ్ ప్రీమియర్ లీగు' అనే కొత్త వేదిక గగన్‌జీత్ భుల్లర్ వంటి పేరున్న ఆటగాళ్ళతో ఆ టూరుకు పోటీగా వెలసింది. 2007లో తిరుగుబాటు జెండా పట్టిన చేతికి ఇప్పుడు కోట తాళాలు వచ్చాయి! ఇది ఆయనను ఎత్తిపొడవడానికి చెప్పడం లేదు. కుర్చీలు మారుతాయి, వాదాలు మారుతాయి. పీఠం మీద ఉన్నవాడు క్రమశిక్షణ అంటాడు, బయట ఉన్నవాడు స్వేచ్ఛ అంటాడు. కనుక ఆటగాని హక్కు ఏ ఒక్క పెద్దమనిషి మంచితనం మీదనో ఆధారపడి ఉండరాదన్నది మేము తీసిన నీతి.

పాత చరిత్ర తెలిసినవారికి ఇది రెండవసారి వండిన కూర. ఆస్ట్రేలియాలో కెర్రీ ప్యాకర్ అనే టెలివిజన్ అధిపతి ప్రసార హక్కులు దక్కక, 1977లో ప్రపంచంలోని మేటి ఆటగాళ్ళను కొని సొంత పోటీలు నడిపాడు. ఆ ఆటగాళ్ళలో ఆసిఫ్ ఇక్బాల్ ఒకడు. ఆయన పుట్టినది హైదరాబాదులో. 1961లో పాకిస్తానుకు వలస వెళ్ళాడు. ఆయన మేనమామ గులాం అహ్మద్ మన దేశం తరపున 22 టెస్టులు ఆడిన స్పిన్ బౌలరు, భారత జట్టుకు నాయకత్వం వహించిన హైదరాబాదీ. ప్యాకర్ తుఫాను లేచిన రోజుల్లో ఆ మేనమామ భారత క్రికెట్ మండలి కార్యదర్శి, మేనల్లుడు తిరుగుబాటుదారు! ఇంగ్లండులో కెంట్ కౌంటీ 1977లో ఆసిఫ్ నాయకత్వాన కప్పును పంచుకున్నది. అయినా ప్యాకర్‌తో చేతులు కలిపిన కారణంగా 1978లో ఆ నాయకత్వం ఆయనకు ఉండలేదు.

అయితే అక్కడ ఒక న్యాయమూర్తి అడ్డు నిలిచాడు. 1977 నవంబరు 25న లండను హైకోర్టులో జస్టిస్ స్లేడ్, ఆటగాళ్ళపై క్రికెట్ సంస్థలు వేసిన నిషేధం వారి జీవనోపాధిని అన్యాయంగా అడ్డుకోవడమేనని తీర్పు చెప్పాడు. 1979లో ఆస్ట్రేలియా మండలి, ప్యాకర్ రాజీపడ్డారు. హక్కులు ప్యాకర్‌కే దక్కాయి. ఆసిఫ్ ఇక్బాల్ ఆ ఏడాది ప్రపంచ కప్పులో పాకిస్తాను జట్టును నడిపాడు. ఆ శీతకాలంలో అదే జట్టుకు నాయకుడుగా భారతదేశానికి, తాను పుట్టిన దేశానికి, వచ్చాడు. రాత్రిపూట దీపాల వెలుగులో ఆట, రంగు దుస్తులు, తెల్ల బంతి ఆ తిరుగుబాటు నుండి స్థిరపడినవే. నిన్నటి నేరం నేటి సంప్రదాయమయింది.

ఇక్కడ ఎదుటివారి వాదాన్ని కూడా న్యాయంగా వినాలి. క్రికెట్ మండలి పక్షాన ఇలా అనవచ్చు: "మైదానాలు చదును చేసినది మేము; పదేళ్ళ బాలుని చేరదీసి, శిక్షకుని పెట్టి, బూట్లు కొనిపెట్టి, జిల్లా నుండి రాష్ట్రానికి, రాష్ట్రం నుండి దేశానికి తెచ్చినది మేము. విత్తు నాటినది మేమైతే, పండు కోయడానికి నిన్న వచ్చిన వ్యాపారికి హక్కేమిటి?" ఈ మాటలో బలమున్నది. కొత్త వేదికలలో ఎక్కువ భాగం తయారైన ఆటగానినే కొంటాయి; గ్రామంలోని పసివానిని వెదకవు. వ్యాపారికి విసుగు పుట్టిన రోజున దుకాణం కట్టేస్తాడు. ఇండియన్ క్రికెట్ లీగు రెండేళ్ళు కూడా నిలవలేదు.

అందుచేత పాత సంస్థలు పోవాలని మేము అనడం లేదు. అలాగని పోటీ కూడా పోరాదు. పోటీ లేకపోతే ఏమవుతుందో మనకు తెలుసు. తిరుగుబాటు లీగు పుట్టకపోయి ఉంటే ఐ.పి.ఎల్. అంత తొందరగా పుట్టేదా? ఆ ఐ.పి.ఎల్. తెరచిన దారినే కదా హైదరాబాదులో ఆటో నడిపిన తండ్రి కుమారుడు మహమ్మద్ సిరాజ్‌ను 2017లో 2 కోట్ల 60 లక్షల రూపాయలకు పాడుకున్నారు! గుంటూరు సీమ కుర్రవాడు షేక్ రషీద్ 2022లో అండర్ 19 ప్రపంచ కప్పు గెలిచిన జట్టుకు ఉపనాయకుడు. సెమీఫైనల్లో ఆస్ట్రేలియాపై 94, ఫైనల్లో ఇంగ్లండుపై 50 పరుగులు చేశాడు. 2025లో చెన్నై జట్టు తరపున ఐ.పి.ఎల్. ఆడాడు. మహిళల లీగు 2023లో మొదలయింది. కడప జిల్లా అమ్మాయి శ్రీచరణి 2025లో ఆ లీగు నుండి భారత జట్టుకు, అదే ఏడాది నవంబరులో ప్రపంచ కప్పు విజయానికి నడిచిపోయింది. ఇవన్నీ మన కళ్ళముందరి సత్యాలు. పోటీ వల్ల మేలు కలిగింది. పోటీ పడిన పెద్దలు ఆటగాళ్ళపై వేసిన శిక్ష వల్ల కీడు కలిగింది. ఈ రెంటినీ వేరుచేసి చూడడమే వివేకం.

కనుక మేము మూడు మాటలు మనవి చేస్తున్నాము. మొదటిది: వేరొక చోట ఆడినందుకు ఎవరి అన్నపు కంచమూ లాగరాదు. ఒప్పందం తప్పినవానిపై నష్టపరిహారం కోరవచ్చు, దానికి న్యాయస్థానాలున్నాయి. కాని సంస్థలన్నీ కూడబలుక్కుని వెలివేయడం మన పల్లెల్లో ఏనాడో తప్పని తేల్చిన కులబహిష్కారం వంటిదే. ఐ.పి.ఎల్. ప్రసార ఒప్పందంలో, దేశంలో మరే పోటీ ట్వంటీ20 లీగునూ పదేళ్ళ పాటు గుర్తించబోమని మండలి రాసి ఇచ్చింది. దీనిని తప్పుపట్టి భారత పోటీ సంస్థ 2013లో 52 కోట్ల 24 లక్షల రూపాయల జరిమానా వేసింది. ట్రిబ్యునల్ దానిని కొట్టివేసిన తరువాత 2017లో విచారించి మళ్ళీ అంతే వేసింది. మండలి ప్రజాప్రయోజన కార్యం నిర్వహిస్తున్నది గనుక హైకోర్టుల విచారణకు లోబడి ఉండవలసిందేనని 2015లో సర్వోన్నత న్యాయస్థానం స్పష్టం చేసింది. ప్రజల పేరిట ఆడించేవారు ప్రజలకు జవాబు చెప్పాలి గదా!

రెండవది: రాజీ కుదిరే గదిలో ఆటగానికి ఒక కుర్చీ ఉండాలి. అమెరికా గోల్ఫులో 2023 నాటి రహస్య ఒప్పందంపై ఆటగాళ్ళు మండిపడిన తరువాత, ఆగస్టులో టైగర్ వుడ్స్‌ను టూరు పాలక మండలిలోకి తీసుకున్నారు. అనగా అడిగితే కుర్చీ వస్తుంది. మన దేశంలో 2019లో భారత క్రికెటర్ల సంఘం ఏర్పడింది. కాని అది ఆట విరమించినవారికే. నేడు మైదానంలో ఎండకు ఎండుతున్నవారికి సంఘం లేదు. మిల్లు కార్మికునికి సంఘమున్నది, ఆటో డ్రైవరుకు సంఘమున్నది, మా అధ్యాపకులకూ ఉన్నది. కోట్లు పండించే ఆటగాడు మాత్రం ఒంటరి.

మూడవది, మాకు అన్నిటికన్న ముఖ్యమైనది: పై అంతస్తులో ఎన్ని మేడలైనా కట్టుకోండి గాని, కింది మెట్లు ఒక్కటిగా, అందరికీ తెరచి ఉంచండి. పదునాలుగేళ్ళ పిల్లవాడు, పిల్ల ఏ క్లబ్బులో ఆడారు, ఏ పెద్దమనిషి తాలూకు అన్నది ఎంపికలో ప్రశ్న కారాదు. పెద్ద సంస్థల తగవు చిన్న ఊళ్ళకు దిగినప్పుడు దాని రూపం ఇదే. "ఫలానా వారి టోర్నమెంటులో ఆడినవాడు మా జట్టుకు వద్దు" అన్న మాట ఏ మైదానంలో వినబడినా, పేదవాని కొడుకే ముందుగా బయట నిలబడతాడు. ధనవంతునికి మరొక దారి దొరుకుతుంది.

ఈ మూడవ మాట మన కళాశాలకు కూడా వర్తిస్తుంది. అందుచేత గౌరవనీయులైన కమిటీ వారికి ఒక విన్నపం. మన ఆటల జట్టు ఎంపిక ఎప్పుడు, ఎవరిచేత, ఏ ప్రాతిపదికపై జరుగునో ముందుగా నోటీసు బోర్డుపై రాతపూర్వకంగా ఉంచవలెను. సెలవు రోజుల్లో బయటి క్లబ్బుకు ఆడిన విద్యార్థిని ఆ కారణంగా జట్టు నుండి తొలగించరాదు. బయట నాలుగు డబ్బులు సంపాదించి ఇంటికి ఇచ్చే పిల్లలు మనలో ఉన్నారు. అది వారి నేరం కాదు, వారి బాధ్యత. మైనారిటీ విద్యాసంస్థ అన్న పేరు మోస్తున్న మనము, తలుపులు మూసేవారి చేతిలో పడిన బాధ ఏమిటో తెలిసినవాళ్ళము. ఆ తలుపు మనం మూయకూడదు.

విద్యార్థినీ విద్యార్థులారా! మీలో ఎవరో ఒకరు రేపు ఒక ఒప్పంద పత్రం ముందు కూర్చోవచ్చు. అది క్రికెట్టుదే కావచ్చు, కబడ్డీదే కావచ్చు, ఆటతో సంబంధం లేని ఉద్యోగానిదే కావచ్చు. ఆ పత్రంలో సొమ్ము అంకె పెద్ద అక్షరాలతో ఉంటుంది. ఎవరు ఎప్పుడు మిమ్ములను వదిలించుకోవచ్చునో చిన్న అక్షరాలతో ఉంటుంది. చిన్న అక్షరాలే ముందు చదవండి. అర్థం కాకపోతే అర్థమయ్యేవారి చేత చదివించుకోండి. సంస్థ కూలిపోతే మీకు రావలసినది ఎవరిస్తారో అడగండి. ఎంత ఎత్తుకు పోయినా డిగ్రీ వదలకండి. మోకాలు విరిగిన రోజున చేతికర్ర అదే.

ఉర్దూలో న్యాయానికి 'ఇన్సాఫ్' అంటాము. ఆ మాటకు మూలం అరబీలో 'నిస్ఫ్', అనగా సగం. ఇద్దరి మధ్య సరిగా సగం పంచి ఇవ్వడమే న్యాయమన్న భావం ఆ మాటలోనే ఉన్నది. ఆటల లోకంలో జరిగే రాజీలన్నీ చూడండి: పాత సంస్థ సగం తీసుకుంటుంది, కొత్త వ్యాపారి సగం తీసుకుంటాడు, కరచాలనాలు జరుగుతాయి, ఛాయాచిత్రాలు దిగుతారు. ఆడినవాని వాటా గురించి ఎవరూ మాట్లాడరు. మూడవవాడు లేని పంపకాన్ని ఇన్సాఫ్ అనడానికి మాకు నోరు రావడం లేదు. బంతి విసిరినవానికి, బ్యాటు పట్టినవానికి కూడా ఆ పంపకంలో పాలు దక్కిననాడు, ఆంబోతులు ఎంత పోరాడుకున్నా లేగలు క్షేమంగా ఇల్లు చేరుతాయి.